బూడిద దొరకు ఎర

ఆగస్టు 11, సోమవారం

పిట్ట ముట్టలేదు.

అవ్వ పోయి మూడో దినం, పొద్దున ఎనిమిదింటికి పొలం బావి దగ్గర కాకులకు విస్తరి వేశారు. అన్నం, మటన్ కూర, గారెలు, ముంతలో కల్లు, అవ్వ నమిలే తంబాకు కూడా ఒక చిటికెడు. పదిన్నర దాకా ఎండలో నిలబడ్డాం. కాకులు లేక కాదు. నాలుగు కాకులు మోటరు తీగ మీద కూర్చొని మా మొహాలు చూస్తున్నాయి, ఒక్కటీ కిందికి దిగలేదు. అవ్వకు ఏదో కోరిక మిగిలిపోయిందని అందరూ కలిసి తేల్చేశారు. నాయిన చేతులు జోడించి, చిన్నోని పెండ్లి దగ్గరుండి చేస్తనే అమ్మా, తిను అన్నాడు. చిన్నోడంటే నేను. నా పెళ్లికీ కాకి ఆకలికీ లంకె పెట్టిన మహానుభావుడు ఎవడో దొరికితే చెంప పగలగొట్టాలని ఉంది. చివరికి విస్తరి ఎత్తి కాలువ నీళ్లలో వదిలారు.

అది చాలదన్నట్టు పంచాంగం అయ్యగారు. శవం చూసేసరికి ఒళ్లు ఇంకా వెచ్చగా ఉంది కాబట్టి, అవ్వ శనివారం మధ్యాహ్నం రెండున్నర దాటాకే పోయిందట, ధనిష్ఠ నక్షత్రం తగిలిందట. ఆరు నెలలు ఇల్లు విడిచిపెట్టాలట. ప్రాణం పోయేముందు తెచ్చి బయట పండబెట్టి ఉంటే ఇంటికి ఈ దోషం ఉండేది కాదని కూడా అన్నాడు. ఆ మాట వినగానే నాయిన చెల్లెలు ఎల్లక్క అత్త, భాగ్య వదిన వైపు ఒక చూపు చూసింది. అన్న భూపాలపల్లి గనిలో ఉంటే, మంచాన పడ్డ అవ్వ కోసం ఏడాదిగా మా ఊరు దేవరుప్పులలోనే ఉండిపోయిన మనిషి వదిన. ఎత్తింది, కడిగింది, తినిపించింది. శనివారం ఒక్క రోజు, తమ్ముడికి రాఖీ కట్టి వస్తానని ఘనపూర్ పోయింది. నాయిన పొలంలో ఉన్నాడు. అత్త ఆయనకు రాఖీ కడదామని నాలుగున్నరకు మా ఇంటికి వచ్చి, తల్లి శవాన్ని చూసింది. నేను ఐదింటికి వచ్చాను.

సాయంత్రం బట్టలు, స్టవ్వు, బియ్యం సంచి ఊళ్లోనే ఉన్న పోశయ్య మామ కొట్టంలోకి మార్చాం. ఇంటికి తాళం వేసి, గడపకు అడ్డంగా తుమ్మకంప పెట్టారు. సొంత ఇంటికి కంప కొట్టుకునే తెలివిగల జాతి మాది.

ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను. శనివారం నేను పన్నెండు గంటల బస్సుకు జనగామ పోయాను.

ఆగస్టు 12

పన్నెండు గంటల బస్సు. శనివారమే జనగామలో చార్జర్ కొన్నాను. వచ్చేటప్పుడు బస్సులో సీటు దొరకలేదు.

ఆగస్టు 14, గురువారం

హరిలాల్ గాడి మెసేజీలు పదిహేడు. మానుకోట దగ్గరి తండా వాడు, ఫోన్లు బాగుచేసే దుకాణంలో పని చేస్తాడు, నన్ను అన్నా అంటాడు. ఇప్పటికి రెండుసార్లే కలుసుకున్నాం, కానీ ఆటలో రోజూ పక్కపక్కనే చస్తూ బతుకుతుంటాం. వాడికి నా స్క్రీన్ రికార్డింగు కావాలట. బూడిద దొరను చంపిన మొదటి తెలుగు జట్టు మనదే, వీడియో పెడదాం, ఉపాయం అందరికీ చెబుదాం అంటాడు. అవ్వ పోయిందని వాడికి నేను చెప్పలేదు. చెప్పనంత మాత్రాన ఇట్లా పీక్కు తినాలా?

ఉపాయం కావాలట ఉపాయం. రాస్తాను, నా కోసమే రాస్తాను. పోశయ్య మామ కొట్టంలో దోమలు కొట్టుకుంటూ ఇంకేం చేయాలి?

ఆటలో వాడికి నోరు తిరగని ఇంగ్లీషు పేరు ఉంది. మేం పెట్టుకున్న పేరు బూడిద దొర. బతికుండగా నలుగురు జీతగాళ్లను పిలిచి, నా ఊపిరి నాలుగు కుండల్లో దాచండి, చచ్చినా కాపలా వదలొద్దు అన్నాడట. వాళ్లు చచ్చారు, కాపలా వదల్లేదు. వీడు చచ్చాడు, పడుకోలేదు. కోటలాంటి కాలిపోయిన గడీలో కుర్చీలో కూర్చుని ఉంటాడు. ఒంటి నిండా బూడిదే. కత్తి వేస్తే దుమ్ములా లేచి, మన వెనక మళ్లీ మనిషై నిలబడతాడు. నిప్పు బాణాలు వేసిన వాళ్లు గాడిదలు, కాలినవాడిని మళ్లీ కాల్చేదేముంది? వారానికి ఒక్కసారే గడీ తలుపు తెరుచుకుంటుంది. మార్చి నుంచి ఇరవై రెండు వారాలు ఓడిపోయాం.

దారి చూపించింది అవ్వ. మంచంలో ఒత్తిగిలి నా ఫోను వైపు చూస్తూ, సచ్చిండా వాడు అని అడిగేది. చావట్లేదవ్వా, బూడిదై ఎగురుతుండు అన్నాను. పొయ్యిల బూడిద ఎత్తేటప్పుడు మొదలు నీళ్లు చల్లరా, ఎగురుతదని తెల్వదా అంది. ఆ వారం బాణాలు మాని నీళ్ల తిత్తులు పట్టుకుపోయాం. దొర తడిసి ముద్దయ్యాడు, కత్తి దిగింది. పడిపోయాడు కానీ మళ్లీ లేచాడు. అదీ అవ్వకే చెప్పాను. వాని పానం వాని దగ్గర ఉండదు బిడ్డా, యాడనో దాపెడతడు, దాన్ని ఎతుకు అంది. గడీ వెనక జీతగాళ్ల సమాధులు తవ్వితే కుండలు దొరికాయి.

చిక్కంతా కుండలు పగలగొట్టేటప్పుడే. దొర తన కళ్లలోకి చూసేవాడినే చూస్తాడు. కాబట్టి ఒకడు ఎరగా ఉండాలి. ఏడు అడుగుల దూరంలో డాలు ఎత్తి నిలబడాలి. కొట్టకూడదు, కదలకూడదు, చూపు తిప్పకూడదు. నాలుగో కుండ పగిలేదాకా అంతే. ఎర కదిలితే పగిలిన కుండలన్నీ మళ్లీ నిండుతాయి, అందరి కష్టం బూడిదే. ముగ్గురు కుండల దగ్గర, ఒకడు దొర ముందు.

ఎర నేనే. నా అంత ఓపిగ్గా నిలబడేవాడు ఇంకొకడు లేడు.

ఆగస్టు 15

నేను ఎరగా ఉన్నది ఏ తేదీనో రాయలేదు. రాయాల్సిన అవసరం లేదు.

ఆగస్టు 19, మంగళవారం

పదకొండో దినం. పిట్ట ముట్టలేదు.

ఈసారి చుట్టాలంతా వచ్చారు. ఒక్కొక్కరు విస్తరి ముందుకు పోయి తలా ఒక మాట ఇచ్చారు. అత్త ఏడ్చి ఏడ్చి, చివరికి అందరి ముందే మొదలుపెట్టింది. ముసలిదాన్ని ఒంటరిగా వదిలి రాఖీకి పోయిన కోడలు ఉన్నచోట మా అమ్మ ఎట్లా తింటుంది, ఆమె ఉసురు ఎవరికి తగులుతుంది, ఇట్లా అరగంట. అన్న తల వంచుకున్నాడు. నాయిన కాలువ వైపు చూస్తూ కూర్చున్నాడు. నోరున్న వాళ్లందరూ మూగవాళ్లైతే నోరు లేనిదానికే కదా దెబ్బ. వదిన పది రోజులుగా మాటకు మాట అనలేదు. ఇవాళ ఒక్కటే అంది.

"ఒంటరిగ ఇడిసిపెట్టి పోలే. సాగర్ ఇంట్ల ఉండె. అవ్వను చూడమని చెప్పి, పాలు కాచి పెట్టే పోయిన."

అందరూ నా వైపు తిరిగారు. అన్న కూడా.

"నాకు చెప్పలే," అన్నాను. "నేను జనగామ పోయిన."

అంత తేలిగ్గా వచ్చింది ఆ మాట. తొమ్మిది రోజులుగా రాసుకుంటున్నాను కదా, నోట్లో అరిగిపోయి ఉంది.

వదిన నా ముఖం చూసింది. అరుస్తుందనుకున్నాను, అరవలేదు. అన్న లేచి, నువ్వు కొన్నొద్దులు ఘనపూర్‌ల ఉండు అని ఆమెతో అన్నాడు, ఆమె వైపు చూడకుండా. వదిన తన తమ్ముడి బండి వెనక కూర్చుని వెళ్లిపోయింది. బట్టల సంచి కూడా తీసుకోలేదు.

ఆగస్టు 20

ఆ బట్టల సంచి కొట్టంలో నా మంచం కిందే ఉంది.

ఆగస్టు 24, ఆదివారం, భూపాలపల్లి

నాయిన, నేను అన్న క్వార్టర్‌కు వచ్చాం. రెండు గదులు, బొగ్గు దుమ్ము, పక్కింటి టీవీ. అన్న షిఫ్టు నుంచి వచ్చి స్నానం చేసి గోడకు ఒరిగి కూర్చుంటాడు. కలిపిన ముద్ద అట్లాగే పెట్టి చేయి కడుక్కుంటాడు. నేను వండుతున్నాను. నిన్న పప్పులో ఉప్పు ఎక్కువైతే కూడా ఏమీ అనలేదు. అంటే బాగుండు, తిడితే ఇంకా బాగుండు.

నాకు వదిన మీద కోపంగా ఉంది. అవును, ఆమె మీదే. ఎందుకు అరవలేదు? అబద్ధమాడుతున్నవురా అని చెంప మీద కొట్టొచ్చు కదా? అంత మంచితనం ఎవరికి కావాలి? ఒకసారి గట్టిగా నిలదీసి ఉంటే నేను అక్కడే చెప్పేసేవాడిని.

ఏమి చెప్పేసేవాడిని?

బస్సు పన్నెండు గంటలకు.

ఆగస్టు 27

వినాయక చవితి. సూతకం ఇల్లు కాబట్టి మాకు పండుగ లేదు. క్వార్టర్ల సందులో మైకు పొద్దుటి నుంచి ఒకటే మోత. ఎవరైనా పిలిస్తే వినపడదు ఆ మోతలో. నిజంగానే వినపడదు. మనిషి తప్పు కాదు అది.

ఆగస్టు 30, శనివారం

హరిలాల్ వచ్చాడు. మానుకోట నుంచి ఇంత దూరం రెండు బస్సులు మారి, చెప్పాపెట్టకుండా. జట్టులో ఎవడో నా అడ్రసు ఇచ్చి ఉంటాడు. వీడియో కోసమే అనుకొని, మెట్ల మీదే నిలబెట్టి, అది తుడిచేశాను పో అన్నాను.

"ఈడియో వద్దన్నా," అన్నాడు. "ఆ ముసలామె ఎట్లున్నది?"

ఏ ముసలామె అన్నాను. వాడు అప్పుడు చెప్పాడు. ఆ రోజు రెండో కుండ పగిలేటప్పుడు నా మైకులో ఎవరో పిలుస్తున్నట్టు వినపడిందట. తను ఆట ఆపమన్నాడట. అన్నా, పోయి చూడు, దొర యాడికి పోతడు, వచ్చే వారం మళ్ల కొడ్దాం అన్నాడట. నేను మైకు బంద్ చేశానట. ఆ తరవాత నుంచి ఫోను ఎత్తకపోతే వాడికి భయం పట్టుకుందట.

వాడి గల్లా పట్టుకున్నాను. వాళ్ల తండాను, వాళ్ల అమ్మను, నోటికి వచ్చినవన్నీ అన్నాను. వాడు నా చేయి విడిపించుకోలేదు. నేను అలసిపోయి వదిలేశాక, నీళ్లుంటే ఇయ్యన్నా, బస్సుకు పోత అన్నాడు. నీళ్లు కూడా ఇవ్వలేదు.

వాడు అట్లా అన్నాడట, అట్లా చేశానట అని రాశాను పైన. అట కాదు. అన్నాడు. చేశాను.

జనగామ పోలేదు.

ఆగస్టు 31

జనగామ పోలేదు. చార్జర్ కొనలేదు. పన్నెండు గంటల బస్సు ఉందో లేదో కూడా నాకు తెలియదు.

సెప్టెంబరు 1, సోమవారం

అన్న షిఫ్టుకు, నాయిన దవాఖానకు పోయారు. తలుపు వేసుకొని రికార్డింగు పెట్టాను. తుడిచేశానని హరిలాల్‌కు అబద్ధం చెప్పాను. ఈ నెల రోజుల్లో నేను చెప్పిన నిజమేదో వెతికితే దొరకదు.

జట్టుకు వినపడే మైకు మూసినా స్క్రీన్ రికార్డింగు ఆగలేదు. గదిలో ప్రతి చప్పుడూ అందులో ఉంది. ఫ్యాను కూడా.

గడీలో అడుగుపెట్టిన పదకొండో నిమిషంలో అవ్వ మొదటిసారి పిలిచింది. "సాగరూ, గుండెల పట్టేసినట్టున్నది బిడ్డా. నన్ను జర బయట పండవెట్టు." ఆమెకు తెలుసు. ఇంట్లో పోకూడదని, ఇంటిని మాకు ఉంచి పోవాలని ఆమెకు తెలుసు. నేను "రెండు నిమిషాలవ్వా" అన్నాను. నా గొంతు ఎంత మామూలుగా ఉందో. చిరాకు కూడా లేదు, మొక్కజొన్న కంకి తింటూ అన్నట్టు ఉంది.

పంతొమ్మిదో నిమిషంలో రెండోసారి. అదే మాట, కొంచెం చిన్నగా. నేనూ అదే మాట.

ఇరవై ఆరో నిమిషంలో "భాగ్యా" అని పిలిచింది. ఇంట్లో లేని మనిషిని పిలిచింది, ఉన్నవాడు లేవడం లేదు కాబట్టి.  చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉన్నాయి, వినపడలేదని ఇన్నాళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. వినపడింది. సరిగ్గా ఆ క్షణంలో తెర మీద నా డాలు ఒకసారి వణికింది. వేలు కదిలింది, మళ్లీ సర్దుకున్నాను. ఎర కదలకూడదు. చూపు తిప్పకూడదు.

మంచం నా వెనక నాలుగు అడుగులు. దొరకూ నాకూ ఏడు.

ముప్పై మూడో నిమిషం. అవ్వ ఈసారి బయటికి తీసుకుపో అనలేదు. ఊపిరి తీసుకొని, మామూలుగా రోజూ అడిగినట్టే అడిగింది. "సచ్చిండా బిడ్డా?"

మూడో కుండ అప్పుడే పగిలింది. నేను డాలు దించలేదు.

ముప్పై ఎనిమిదో నిమిషంలో నాలుగో కుండ పగిలింది. దొర కుర్చీలోంచి జారి నేల మీద కుప్పయ్యాడు, ఇక లేవలేదు. నేను అరిచాను. "అవ్వా, సచ్చిండు!" అని ఆ రికార్డింగులో నా గొంతు గంతులేస్తోంది. ఆ తరవాత కుర్చీ జరిపిన చప్పుడు, ఆ తరవాత ఏమీ లేదు.

ముట్టుకున్నాను, చల్లబడలేదు ఇంకా. ఒక కాలు మంచం దిగి ఉంది. తనే లేచి బయటికి పోదామనుకుంది. ఆ కాలు కూడా ఎత్తి మంచం మీద పెట్టలేదు నేను. చెప్పులేసుకొని వెనక తలుపు నుంచి బయటపడి, చెరుకు రసం బండి దగ్గర ఐదింటిదాకా కూర్చున్నాను. అత్త ఏడుపు వినపడ్డాక వచ్చాను, అప్పుడే బస్సు దిగినవాడిలా.

సెప్టెంబరు 5

ఒప్పందం చేసుకున్నాను. నెల మాసికం సోమవారం. ఈసారి కూడా పిట్ట ముట్టకపోతే చెప్పేస్తాను. ముట్టిందంటే అవ్వ నన్ను మన్నించి వదిలేసినట్టు.

కాకితో ఒప్పందం. నాయినను వెక్కిరించింది నేనే.

సెప్టెంబరు 8, సోమవారం

బావి దగ్గర అదే చోటు, అదే విస్తరి. వదిన తమ్ముడితో ఘనపూర్ నుంచి వచ్చి, దూరంగా పొలం గెట్టు మీద నిలబడింది. మనిషి సగమైంది. అన్న ఒకసారి చూసి తల తిప్పుకున్నాడు. ఆమె వండి తెచ్చిన గిన్నెను అత్త పక్కకు జరిపింది.

గంట గడిచింది. కాకులు తీగ మీదే. నాయిన నా పెళ్లి మాట మళ్లీ ఎత్తాడు, కాకులు కదల్లేదు. అన్న ఏదో గొణిగాడు, కదల్లేదు.  ఇంకో పావుగంట చూసి చెప్పేద్దామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

అప్పుడు అత్త కొంగు బిగించి ముందుకు వచ్చింది. "అమ్మా, నీ కడుపుల బాధ నాకు ఎర్కే. నిన్ను ఇడిసిపెట్టి పోయినది ఇగ మన గడప తొక్కదు. ఇల్లు తెరిచినంక గూడ రాదు. నా మీద ఒట్టు. తిను."

కాకి దిగింది.

రెక్కలు ముడుచుకొని, అటూ ఇటూ చూసి, మటన్ ముక్క నోట కరిచింది. రెండోది వచ్చింది, మూడోది వచ్చింది. అందరూ ఒక్కసారిగా ఊపిరి వదిలారు. ముట్టింది, ముట్టింది అని దండాలు పెట్టారు. నాయిన కళ్లు తుడుచుకున్నాడు. అన్న మోకాళ్ల మీద కూర్చున్నాడు, తీర్పు విన్నవాడిలా. గెట్టు మీద వదిన చేతిలోని చెంబు కింద పెట్టి, వెనక్కి తిరిగింది. ఎవరితో కొట్లాడుతుంది? మనుషులతోనైతే కొట్లాడొచ్చు. అవ్వే వచ్చి చెప్పినట్టు చేశారు కదా.

మట్టిగడ్డ తీసుకొని కాకుల మీద విసిరాను. ఇంకొకటి విసిరాను. విస్తరి మీద పడింది, కల్లు ముంత పగిలింది, కాకులు అరుచుకుంటూ లేచాయి. పిచ్చి పట్టిందారా అని పోశయ్య మామ నా రెక్క పట్టుకున్నాడు.

"పిట్టకేం ఎర్క? నేను ఇంట్లనే ఉన్న," అన్నాను. "వదిన చెప్పే పోయింది. నేను ఆట ఆడుకుంట కూసున్న."

ఎవరూ నమ్మలేదు. వదినే మరిదిని అడ్డం పెట్టుకుంటోందని అత్త అనబోయింది. ఫోను తీసి, శబ్దం పూర్తిగా పెంచి, పదకొండో నిమిషం నుంచి వినిపించాను. బావి గట్టున అవ్వ గొంతు వచ్చింది. నెల కింద కాల్చిన మనిషి, సాగరూ అని పిలిచింది. అత్త అమ్మా అంటూ కూలబడింది. నాయిన చుట్టూ చూశాడు, ఎక్కడి నుంచి పిలుస్తోందో అని. నేను ఎక్కడా దాటవేయలేదు. బయట పండవెట్టు అన్నది విన్నారు, రెండు నిమిషాలు అన్నది విన్నారు. భాగ్యా అన్న పిలుపు విన్నారు. సచ్చిండా బిడ్డా అన్నది విన్నారు. చివరికి నా అరుపు కూడా విన్నారు.

అన్న కొట్టలేదు. కొడతాడని కళ్లు మూసుకున్నాను. వదిన దగ్గరికి పోయి, బండి ఎక్కు, మన ఇంటికి పోదాం అన్నాడు. ఆమె ఎక్కలేదు. ఏ ఇంటికి అని అడిగింది. ఒకదానికి కంప కొట్టారు, ఇంకొకదానికి నువ్వు రానియ్యలే అంది. నాయిన వంగి, మట్టిలో పడ్డ మెతుకులు ఏరుతున్నాడు. ఏరి మళ్లీ విస్తరిలో వేస్తున్నాడు. 

తమ్ముడి బండి ఎక్కేముందు వదిన నా దగ్గరికి వచ్చింది. ఏడవలేదు.

"నెల దినాలు అన్నం ఎట్ల తిన్నవ్ సాగర్?"

 ఆమె బండి ఎక్కి వెళ్లిపోయింది. ఇక్కడైనా రాయాలి కాబట్టి రాస్తున్నాను. తిన్నాను. మూడు పూటలా తిన్నాను. పప్పులో ఉప్పు ఎక్కువైన రోజు కూడా, అన్న వదిలేసిన ముద్దతో కలిపి, కడుపు నిండా తిన్నాను.